అభిజిత్ లగ్నానికి అందని ఉపగ్రహం

ఈ ప్రయాణం నేను గుళ్లు చూడడానికో, గోదావరి మీద లాంచీ ఎక్కడానికో చేసింది కాదు. మా బాబాయి ఫోన్ చేశాడు. ఆయన ఫోన్ చెయ్యడమే అరుదు. చేసినా వానల సంగతి చెప్పి పెట్టేస్తాడు. ఆ రోజు మాత్రం, “లలితా, మీ పిన్ని ఎవరి మాటా వినట్లేదమ్మా. నువ్వోసారి వచ్చి చెప్పి చూడు,” అన్నాడు. ఆ గొంతు విన్నాక నేను ఇంక కుర్చీలో కూర్చోలేకపోయాను. అసలే నాది కాలుగాలిన పిల్లి జాతకం. ఆఫీసులో సెలవు అడిగి, వాళ్లు ‘చూద్దాం’ అనేలోపే టికెట్టు కొనేశాను.

సత్యవతి పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వల్ల ఆవిడ గుండెలో ఒక కవాటం బిగుసుకుపోయింది. పెరట్లోంచి వంటింట్లోకి వచ్చేసరికే ఆయాసం. కాకినాడలో ఒక డాక్టరు, రాజమండ్రిలో ఒక డాక్టరు ఆపరేషన్ తప్పదన్నారు. పిన్ని ససేమిరా అంది. సరిగ్గా అప్పుడే వాళ్ల ఊళ్లో రైసు మిల్లుల వాళ్లు కలిసి కట్టించిన ధర్మాసుపత్రికి ఉపగ్రహం కనెక్షన్ వచ్చింది. హైదరాబాదులో ఉన్న పెద్ద గుండె డాక్టరు తెర మీద కనిపిస్తాడు, రిపోర్టులు చూస్తాడు, రోగితో ముఖాముఖి మాట్లాడతాడు. మొదటి రోగిగా పిన్ని పేరే రాశారు. దానికి పిన్ని ఒక షరతు పెట్టింది. “ఆయనతో మాట్లాడతాను. నాకు నమ్మకం కుదిరితే హైదరాబాదు వెళ్లి కోయించుకుంటాను. కుదరకపోతే ఇంక ఈ మాట నా దగ్గర ఎవరూ ఎత్తకూడదు.” బాబాయి భయమంతా ఆ రెండో ముక్క గురించే. పిన్ని ఒకసారి వద్దంటే గోదావరి వెనక్కి పారినా వద్దే.

సికింద్రాబాదులో రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి రాజమండ్రిలో దిగొచ్చు. స్లీపరు టికెట్టు రెండు వందల లోపే. నేను రాత్రంతా పడుకోకుండా, ప్రతి స్టేషన్లోనూ కిటికీలోంచి తొంగిచూస్తూ కూర్చుని, కొవ్వూరు వచ్చాక ‘ఇంకెంత, వంతెన దాటితే చాలు’ అని కళ్లు మూశాను. తెరిచేసరికి సామర్లకోట! ఎదురు సీటు పెద్దాయన, “రాజమండ్రిలో లేపుదామనుకున్నానండి, మంచి నిద్రలో ఉన్నారని ఊరుకున్నాను,” అన్నాడు. ఆయన మీద కోప్పడాలో దణ్ణం పెట్టాలో తెలియలేదు. నా మీద మాత్రం బోలెడంత కోపం వచ్చింది.

మీరు కావాలని సామర్లకోటలో దిగితే కుమారారామ భీమేశ్వరాలయం చూడండి. స్టేషన్ నుంచి రిక్షావాడు పదిహేను అడుగుతాడు, పదికి వస్తాడు. శివలింగం ఎంత ఎత్తంటే కింద అంతస్తులో పాదాలకు మొక్కి, మెట్లెక్కి పై అంతస్తులో అభిషేకం చూడాలి. నేను మాత్రం స్టేషన్ బయట చిన్న హోటల్లో పెసరట్టు ఉప్మా చెప్పి, గల్లాపెట్టె పక్కన నిలబడే తిన్నాను. అట్లు వేసే ఆవిడ పెనం దగ్గర్నుంచే నన్ను గమనించింది. “కూచుని తినండమ్మా. బస్సెక్కడికీ పారిపోదు.” “నా సంగతి మీకు తెలియదండి. నేను కూర్చుంటే పారిపోతుంది,” అన్నాను. ఆవిడ నవ్వి ఇంకో గరిటె అల్లం పచ్చడి వేసింది. పన్నెండు రూపాయలకు అలాంటి పెసరట్టు హైదరాబాదులో దొరకదు. ఆ రోజు దాని రుచి నాకు సగమే తెలిసింది, మిగతా సగం గడియారం తినేసింది.

సామర్లకోట నుంచి ద్వారపూడికి కాలవ రోడ్డు మీదుగా బస్సులున్నాయి. బిక్కవోలు, అనపర్తి దాటి గంటకు కాస్త అటూ ఇటూగా ద్వారపూడిలో దింపుతాయి. ఎడమ పక్క కిటికీ దొరికితే వదలకండి. మార్చి నెల కాబట్టి దాళ్వా వరి ఈనుతోంది. కాలవ నిండుగా ఉంది. ఒక్కో వంతెన దగ్గర బస్సు ఆగినప్పుడల్లా నేను లేచి నిలబడుతున్నాను. కండక్టరు చూసి చూసి, “మేడంగారూ, మీరు కూర్చుంటే డ్రైవరు కంగారు పడకుండా తోలతాడండి,” అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వి కూర్చున్నాను, అనపర్తి దాకా.

ద్వారపూడి నుంచి మండపేట వైపు షేర్ ఆటోలు ఎక్కువ. మనిషికి ఆరు రూపాయలు. నేను తొందర కొద్దీ మొత్తం ఆటో మాట్లాడుకుని, పిన్నివాళ్ల ఊరిదాకా నూట ఇరవైకి ఒప్పించాను. తాపేశ్వరం దగ్గర మడతకాజాలు పొట్లం కట్టించుకోవడానికి మాత్రం ఆగాను. పిన్ని ఇంటికి వట్టి చేతులతో వెళితే గుమ్మంలోనే క్లాసు పీకుతుంది. ఆ తర్వాత దారంతా ఉప్పుడు బియ్యం మిల్లులు, ఉడికిన ధాన్యం వాసన, కేరళ నంబర్ల లారీలు. ఒక లారీ అడ్డంగా తిరుగుతుంటే ఆటో ఆగింది. డ్రైవరు బీడీ ఆర్పి వెనక్కి తిరిగాడు.

“మా ఊరి ఆసుపత్రికేనా అండి? ఇయ్యాల గొడుగు ఓపెనింగంట కదండి.”

“గొడుగేంటి?”

“అదేనండి, డిష్షు. పెద్దది. ఆకాశంలోకి నిటారుగా నోరు తెరుచుకుని ఉంటాదండి. మా కేబుల్ ఆయన గొడుగూ అంతేనండి. వానొస్తే నీళ్లు నిండిపోతన్నాయని కింద బెజ్జం పెట్టించాడు.”

నాకు చెప్పకుండా ఉండడం చేతకాదు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన, ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున మన దేశపు ఉపగ్రహం ఉంటుందనీ, అది మనకు దాదాపు నేరుగా దక్షిణాన, నడినెత్తికి కొంచెం కిందగా ఉంటుందనీ, అందుకే ఇక్కడి గొడుగులు అంత పైకి చూస్తాయనీ చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు. “మరది కదలదాండి?” “కదులుతుంది. భూమి ఎంత వేగంగా తిరిగితే దానికి తగ్గట్టే అదీ తిరుగుతుంది. అందుకే మనకి ఒకేచోట ఉన్నట్టు కనిపిస్తుంది.” అతను గేరు వేస్తూ, “అయితే మా ఆటోవాళ్లలాగేనండి. పొద్దస్తమానం తిరుగుతాం, చూస్తే స్టాండులోనే ఉంటాం,” అన్నాడు.

పిన్ని పట్టుచీర కట్టుకుని వీధి అరుగు మీద కుర్చీలో కూర్చుని ఉంది. పెదవులు నల్లబడ్డాయి. కాళ్ల మడమల దగ్గర వాపు. పోయిన దసరాకు చూసిన మనిషి కాదు. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అది బయటికి రాకుండా ఉండాలంటే నాకు తెలిసిన మార్గం ఒక్కటే, మాట్లాడడం.

“పట్టుచీరెందుకు పిన్నీ, ఆసుపత్రికి?”

“హైదరాబాదు నుంచి పెద్ద డాక్టరు చూస్తాడు కదే. పాత చీర కట్టుకుంటే ‘ఈవిడకి ఆపరేషన్ ఎందుకులే’ అనుకోడూ?”

“పిన్నీ, ఆలస్యం అమృతం విషం అన్నారు. నువ్వు ఎంత ఆలస్యం చేస్తే...”

“నిదానమే ప్రధానం అని కూడా అన్నారు. ముందు కాళ్లు కడుక్కుని కాఫీ తాగు. రైల్లోంచి దిగీ దిగగానే మొదలెట్టింది.” అంత మాట అనడానికే రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. బాబాయి గుమ్మంలో నిలబడి నా వైపు చూశాడు. ‘చూశావుగా’ అన్నట్టు.

ఆసుపత్రి ఇంటికి రెండు వీధుల అవతలే. ఆవరణలో షామియానా వేశారు. పక్కనే పచ్చిక మీద గొడుగు, నిలువెత్తు మనిషి చేతులు చాచి పడుకున్నా ఇంకా చోటు మిగిలేంత పెద్దది. సిద్ధాంతిగారు దానికి పసుపు రాసి, సరిగ్గా నడిమధ్య కుంకుమ బొట్టు పెట్టారు. గొడుగు ముందుకు పొడుచుకొచ్చిన కమ్మీల చివర సిగ్నలు పట్టే డబ్బా ఒకటి ఉంటుంది. దానికి బంతిపూల దండ వేయబోతే హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజినీరు చేతులు జోడించి ఆపాడు. పేరు కిరణ్. ముప్ఫై ఏళ్లుంటాయి, మెడలో కార్డు, నుదుట చెమట. నన్ను చూసి చదువుకున్న మనిషిలా అనిపించానేమో, పక్కకు వచ్చి గొణిగాడు. “పదకొండుకి పెట్టుకోమన్నానండి. మధ్యాహ్నం పన్నెండుకి ఈ వారం కొంచెం ఇబ్బంది ఉంటుందని చెప్పాను. ఎవరూ వినలేదండి.”

వాళ్లెందుకు వింటారు? ముహూర్తం అభిజిత్ లగ్నం. తెలియనివాళ్లకు చెబుతున్నాను, పెళ్లికైనా, గృహప్రవేశానికైనా మంచి ముహూర్తం కుదరనప్పుడు మనవాళ్లు పట్టుకునేది నడిమధ్యాహ్నం అభిజిత్తునే. దానికి దోషం అంటదని నమ్మకం. ఆసుపత్రి ట్రస్టు పెద్దాయన ఇంజినీరు భుజం తట్టి, “బాబూ, అభిజిత్తుకి అడ్డేంటండి? మా మిల్లులన్నీ అభిజిత్తులో మొదలెట్టినవే. ఒక్కటీ ఆగలేదు,” అన్నాడట.

కొబ్బరికాయ కొట్టారు. హారతి గొడుగుకీ ఇచ్చారు, లోపల టీవీకీ ఇచ్చారు. తెర మీద డాక్టరుగారు కనిపించగానే చప్పట్లు. నలభై అయిదేళ్లుంటాయి, కళ్లజోడు, అలిసిన మొహం. ఆయన నమస్కారం పెట్టి పని మొదలుపెడదామనుకున్నాడు. మనవాళ్లు ఊరుకోరు కదా. ట్రస్టు పెద్దాయన ఉపన్యాసం, తర్వాత ఆయన వియ్యంకుడి ఉపన్యాసం, మధ్యలో తెరకు శాలువా చూపించడం. నేను గోడ దగ్గర నిలబడి కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాను. పిన్ని మాత్రం వరసలో మొదటి కుర్చీలో, ఒళ్లో చేతులు పెట్టుకుని, తెరలో మొహాన్ని కన్నార్పకుండా చూస్తోంది. చివరికి ఆవిడను తెర ముందు కూర్చోబెట్టారు.

“నమస్కారమమ్మా. మీ రిపోర్టులన్నీ చూశాను. మీ గుండె విషయంలో నేను చెప్పేదేమిటంటే...”

డాక్టరుగారి మొహం చదరాలు చదరాలుగా విడిపోయింది. నోరు తెరిచి ఉండగానే బొమ్మ ఆగిపోయింది. తర్వాత అదీ పోయింది. తెరంతా నీలం.

కరెంటు పోయిందేమోనని అందరూ ఫ్యాను వైపు చూశారు. ఫ్యాను తిరుగుతోంది. కిరణ్ తీగలు చూడకుండా నేరుగా బయటికి నడిచాడు. నేను వెంట పరిగెత్తాను. ఎండలో గొడుగు ముందు నిలబడి, “చూడండి,” అన్నాడు. డబ్బా నీడ గొడుగు లోపల పడుతోంది. సరిగ్గా నడిమధ్య, సిద్ధాంతిగారు పెట్టిన కుంకుమ బొట్టు మీద.

“ఉపగ్రహం వెనక సరిగ్గా సూర్యుడు వచ్చి నిలబడ్డాడండి. మన గొడుగు ఇప్పుడు ఉపగ్రహాన్నీ, సూర్యుణ్నీ ఒకేసారి చూస్తోంది. సూర్యుడి హోరులో ఉపగ్రహం మాట వినపడదు. ఏడాదికి రెండుసార్లు, మార్చిలో కొన్నాళ్లు, దసరా ముందు కొన్నాళ్లు ఇలా అవుతుంది. కాసేపాగితే ఆయనే పక్కకి తప్పుకుంటాడు.”

అప్పుడు నాకు బోధపడింది. అభిజిత్తు అంటే సూర్యుడు మనకు నడినెత్తికి వచ్చే వేళ. మన ఉపగ్రహం ఉన్నదీ ఇంచుమించు ఆ దిక్కునే. ముహూర్తం పెట్టినవాళ్లూ, ఉపగ్రహం పెట్టినవాళ్లూ ఆకాశంలో ఒకే చోటు మీద కన్నేశారు. మిగతా ఏడాదంతా ఫర్వాలేదు, ఈ నాలుగు రోజులే తంటా. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించడంటారు. ఇక్కడ పూజారి కరుణించాడు, దేవుడే వచ్చి అడ్డం నిలబడ్డాడు. వేరే రోజైతే పడీ పడీ నవ్వేదాన్ని.

మేం లోపలికి వచ్చేసరికి ఆ మాట మాకంటే ముందే లోపలికి వచ్చేసింది. “సూర్యుడు అడ్డమొచ్చాడంట!” “సాక్షాత్తూ సూర్యభగవానుడే!” పిన్ని రోజూ పొద్దున్నే స్నానం చేసి తూర్పుకు తిరిగి అర్ఘ్యం ఇచ్చే మనిషి. కుర్చీలోంచి నెమ్మదిగా లేచింది. “సూర్యుడే వద్దన్నాక ఇంకేముందే? పదండి ఇంటికి.” నేను భూమి గురించీ, కక్ష్య గురించీ గడగడా చెప్పుకుపోయాను. ఎంత చెబితే అంత గట్టిగా తల అడ్డంగా ఊపింది. చెప్పే కొద్దీ చెడగొడుతున్నానని తెలుస్తూనే ఉంది, ఆపడం చేతకాలేదు. బొమ్మ తిరిగి వచ్చేసరికి తెరలో ఖాళీ కుర్చీ ఉంది. డాక్టరుగారికి ఆపరేషన్ థియేటర్ నుంచి పిలుపొచ్చిందట.

ఇంట్లో విస్తళ్లు వేశారు. పనసపొట్టు కూర, ముక్కల పులుసు. ఎవరూ సరిగ్గా తినలేదు. నేను హాల్లోంచి పెరట్లోకి, పెరట్లోంచి వీధిలోకి తిరుగుతున్నాను. పిన్ని మంచం మీద గోడకు చేరగిలపడి నన్ను పిలిచింది.

“అలా తిరక్కే, నాకు ఆయాసమొస్తోంది చూస్తుంటే. ఇలా కూచో. మా అన్నయ్య నీకు గుర్తున్నాడా?”

గుర్తున్నాడు. మా పెద్ద మావయ్య. నా చిన్నప్పుడే పోయాడు.

“ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు నేనే అడిగాను ఆ డాక్టర్ని, అన్నయ్యకేం కాదు కదా అని. నా మాట పూర్తవకుండానే ‘ఏం కాదమ్మా’ అన్నాడు. సాయంత్రానికి పోయాడు. కాకినాడ ఆయనా అంతే, రాజమండ్రి ఆయనా అంతే. నేను అడగ్గానే ‘ఏం కాదమ్మా’. కాయితం మీంచి తల కూడా ఎత్తలేదే. చావంటే నాకు భయం లేదు. అబద్ధం విని కత్తి కింద పడుకోవాలంటే భయం.”

ఇన్నాళ్లూ ఫోన్లో నేను అన్నదీ అదే మాట. ‘ఏం కాదు పిన్నీ, చిన్న ఆపరేషన్.’ ఆవిడ మొహం చూడలేక లేచి నిలబడ్డాను. అప్పుడే బాబాయి సెల్‌ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి. డాక్టరుగారు రెండు గంటలకు కాసేపు ఖాళీ అవుతున్నాడు, ఈవిడతో మాట్లాడతానన్నాడు. ఇవాళ కాకపోతే మళ్లీ వచ్చే నెలే.

బాబాయి మొహం వెలిగి, వెంటనే ఆరిపోయింది. ఆ రోజు గురువారం. ఒంటిగంటన్నర నుంచి మూడు దాకా రాహుకాలం. పిన్ని గోడ గడియారం చూసింది. “మంచి ముహూర్తంలో పెడితేనే అలా అయింది. రాహుకాలంలో గడప దాటమంటారా? నా వల్ల కాదు.”

నేను బాబాయి మోపెడ్ తీసుకుని సిద్ధాంతిగారింటికి వెళ్లాను. నాకు అది నడపడం సరిగ్గా రాదు, దారిలో ఒక గడ్డివాముకు గుద్దుకున్నాను కూడా. ఆయన భోజనం చేసి వసారాలో నడుం వాల్చబోతున్నారు. నాకు ఒళ్లు మండిపోతోంది. “మీరు పెట్టిన ముహూర్తం వల్ల మా పిన్ని ప్రాణం మీదికి వచ్చిందండి,” అన్నాను, చెప్పులు కూడా విప్పకుండా. జరిగిందంతా ఒక్క గుక్కలో కక్కేశాను. ఆయన తొణకలేదు. కండువాతో మొహం తుడుచుకుని అన్నారు.

“గొడుగుకి కొబ్బరికాయ కొట్టాలి, ముహూర్తం పెట్టమన్నారు. పెట్టాను. రోగిని వైద్యుడికి చూపించడానికి ముహూర్తం కావాలని నన్నెవరడిగారమ్మా? అడిగితే తిట్టేవాణ్ని. ఆతురానికి నియమం లేదు. పద, నేనొచ్చి చెబుతాను మీ పిన్నికి.”

నా మోపెడ్ వెనక మాత్రం ఎక్కనన్నారు, గడ్డివాము సంగతి అప్పటికే వీధిలో తెలిసిపోయింది. ఆయన సైకిలు మీద ముందు, నేను వెనక. గుమ్మంలో నిలబడే, “సత్యవతమ్మా, రోగానికి రాహుకాలం లేదు, వైద్యానికీ లేదు. లే. దోషమేదన్నా ఉంటే నా నెత్తిన వేసుకుంటాను,” అన్నారు. పిన్ని చెప్పులు ఎక్కడున్నాయని బాబాయిని అడిగింది.

ఈసారి షామియానా కింద ఎవరూ లేరు. గదిలో మేం ముగ్గురం, కిరణ్, తెర. డాక్టరుగారు ఆపరేషన్ బట్టల్లోనే వచ్చి కూర్చున్నాడు. పిన్ని ఉపోద్ఘాతమేమీ లేకుండా అడిగింది.

“బాబూ, కోస్తే నాకేం కాదు కదా?”

డాక్టరుగారు జవాబు చెప్పలేదు. కదలకుండా పిన్ని మొహంలోకే చూస్తున్నాడు. మళ్లీ బొమ్మ ఆగిపోయిందేమోనని కిరణ్ వైపు తిరిగాను. కిరణ్ నా చెవిలో, “మన మాట పైకెళ్లి, కిందకి దిగి, మళ్లీ ఆయన మాట పైకెళ్లి రావాలండి. సెకను పైనే పడుతుంది,” అన్నాడు. సెకను పైన అంటే ఎంతో నాకు అంతవరకు తెలియదు.

“ఏం కాదని చెప్పలేనమ్మా,” అన్నాడు డాక్టరుగారు. “ప్రమాదం ఉంది. కొద్దిగానే, కానీ ఉంది.”

బాబాయి కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. పిన్ని కాస్త ముందుకు వంగింది. “చేయించుకోకపోతే? వచ్చే దాళ్వా చూస్తానా?”

మళ్లీ ఆ నిశ్శబ్దం. “దాళ్వా అంటే ఏంటమ్మా?”

“రెండో పంట బాబూ. ఇప్పుడు చేలు ఈనుతున్నాయి. వచ్చే ఏడు మళ్లీ ఈ రోజులకి.”

ఆయన కళ్లజోడు తీసి పట్టుకుని ఆవిడనే చూస్తున్నాడు. నేనైతే ఆ ఖాళీలో నాలుగు అబద్ధాలు చెప్పేసి ఉండేదాన్ని.

“ఇలాగే ఉంటే చూడకపోవచ్చమ్మా. చేయించుకుంటే చాలా దాళ్వాలు చూస్తారనే నా నమ్మకం.”

పిన్ని వెనక్కి వాలింది. కొంగుతో మొహం తుడుచుకుంది. “ఎప్పుడు రమ్మంటారు?” అంది.

బయటికొచ్చాక వేపచెట్టు నీడలో ఆగి ఊపిరి తీసుకుంటూ నా చెయ్యి పట్టుకుంది. “చూశావా? అడిగిన ప్రతి మాటకీ ఆగి, ఆలోచించి, అప్పుడు చెప్పాడు. అదీ మనిషంటే. నువ్వూ ఉన్నావు, ఎదుటివాళ్లు నోరు తెరవకముందే జవాబు తయారు.” మమ్మల్ని సాగనంపడానికి వచ్చిన కిరణ్ నవ్వుతూ, “అది ఆలోచన కాదండీ, శాటిలైట్...” అంటున్నాడు. నేను అతని చెప్పు మీద నా చెప్పు వేసి బలంగా తొక్కాను. పాపం, నిజాయితీపరుడు. బాధతో నోరు మూసుకున్నాడు. నిజం తెలిసి కూడా నోరు మెదపకుండా ఉండడం నాకు అంతకు ముందు అలవాటు లేదు. ఆ రోజు వచ్చింది.

తిరుగు ప్రయాణానికి మండపేట నుంచి రాజమండ్రికి సాయంత్రం దాకా బస్సులు విరివిగా ఉంటాయి. కడియం దగ్గర పూలతోటలు చూడాలంటే మధ్యలో దిగి ఇంకో బస్సు పట్టుకోవచ్చు. నేను దిగలేదు. నెల తిరక్కుండానే పిన్ని హైదరాబాదు వచ్చింది, ఆపరేషన్ అయింది. ఐసీయూ నుంచి గదిలోకి మార్చిన పూట డాక్టరుగారు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. పిన్ని ఏదో అడగబోయింది. ఆవిడ మాట పూర్తికాకముందే ఆయన గబగబా జవాబు చెప్పేసి, నర్సుకు రెండు మాటలు పురమాయించి, పక్క గదికి వెళ్లిపోయాడు. పిన్ని తలుపు వైపు చూస్తూ ఉండిపోయింది. కనిపెట్టేసిందేమోనని నేను దుప్పటి సర్దడం మొదలుపెట్టాను. కాసేపటికి, “అదేంటే, టీవీలో అంత నిదానంగా ఉన్నాడు, ఎదురుగా చూస్తే అచ్చం నీలాంటి మనిషే!” అంది. తర్వాత కుట్టు మీద చెయ్యి అదిమిపెట్టుకుని నవ్వింది, నొప్పి పుడుతున్నా ఆగకుండా. ఆ నవ్వులో ఆయాసం లేదు. నేను బాల్కనీలోకి వెళ్లి ఏడ్చాను. మనుషులు ఇవ్వలేని ఆ కాస్త వ్యవధిని ఆవిడకు ముప్ఫై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తున్న ఒక యంత్రం ఇచ్చింది. దాన్ని ఆవిడ ఆ డాక్టరుగారి మంచితనం ఖాతాలో వేసుకుంది. ఆయన చెప్పిన మాట నిజం కాబట్టి, ఆ లెక్క తప్పని నేను అనను. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్లి పిన్నిని కలిస్తే, దయచేసి మీరూ అనకండి.

ఒక్క సలహా. మీ వాళ్లనెవరినైనా ఇలా ఉపగ్రహం ద్వారా డాక్టరుకు చూపించాల్సి వస్తే, మార్చి మధ్యలోనూ, దసరా ముందూ నడిమధ్యాహ్నం వేళ వద్దని చెప్పండి. ప్రశ్న అడిగాక మాత్రం తెరలో మనిషి కదలడం లేదని కంగారుపడి రెండో ప్రశ్న వేయకండి. ఆగండి. జవాబు దారిలో ఉంటుంది.